టాంగ్రా వంటిళ్లలో మిగిలిన తోబుట్టువులు

సాయంత్రమయ్యేసరికి మన ఊళ్లలో ఏ సెంటర్లో చూసినా ఒక ఫాస్ట్‌ఫుడ్ బండి ఉంటుంది. భగ్గున లేచే మంట, నల్లటి కడాయి, అందులో గోబీ మంచూరియా. పేరు చూసి చైనా వంటకం అనుకుంటాం కానీ అది మన దేశంలోనే పుట్టింది. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటమాస్టర్ నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో చేసిన చికెన్ మంచూరియన్ దీనికి మూలమంటారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పద్ధతిలోనే వేయించి, గరం మసాలాకు బదులు సోయా సాస్ పోశాడాయన.

ఈ రుచిని దేశానికిచ్చిన కలకత్తా చైనా కుటుంబాలు ఇప్పుడు తమ హోటళ్లను నిలబెట్టుకోలేక అవస్థ పడుతున్నాయి. గిరాకీ లేక కాదు, నడిపే మనుషులు లేక. కలకత్తాలో చైనీయులుండే పేట టాంగ్రాలో చాలా ఇళ్ల పరిస్థితి ఒకటే. గల్లాపెట్టె దగ్గర అక్క, వంటింట్లో తమ్ముడు, మిగతా తోబుట్టువులంతా కెనడాలో. ఒకప్పుడు ఇరవై వేల దాకా ఉన్న కలకత్తా చైనీయుల జనాభా ఇప్పుడు రెండు వేలకు అటూఇటూగా మిగిలిందని అంచనా.

పిల్లలకు వంటపని నామోషీ అయిందని తేలిగ్గా అనేస్తారు. నాకది అన్యాయమైన మాటగా తోస్తుంది. అసలు కారణం తెలియాలంటే 1962కి వెళ్లాలి.

చైనాతో యుద్ధం రాగానే, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లను కూడా చైనా మూలం ఉంటే చాలు అనుమానించే చట్టం వచ్చింది. దాదాపు మూడు వేల మందిని రాజస్థాన్‌లోని దేవలీ నిర్బంధ శిబిరానికి తరలించారు. వాళ్లలో ఎక్కువమంది అస్సాం, డార్జిలింగ్ ప్రాంతాలవాళ్లు. ముసలివాళ్లూ పసిపిల్లలూ ఉన్నారు. ఒక్కరి మీదా విచారణ లేదు. కొన్ని కుటుంబాలు అక్కడ నాలుగేళ్లకు పైగా గడిపాయి. తిరిగొచ్చేసరికి చాలామందికి ఇల్లూ లేదు, దుకాణమూ లేదు. కలకత్తాలో ఉన్నవాళ్లు శిబిరం తప్పించుకున్నా పోలీస్ స్టేషన్‌లో హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలి. ఆ టెన్షన్ చూసిన తల్లిదండ్రులు ఒక నిర్ణయానికొచ్చారు: పిల్లల్లో ఒకరిద్దరైనా దేశం బయట ఉండాలి. కెనడా వెళ్లిన అన్న తమ్ముణ్ణి పిలిపించుకున్నాడు, తమ్ముడు చెల్లెల్ని. అలా ఒక్కో ఇల్లూ ఖాళీ అవుతూ వచ్చింది. దేవలీలో ఉండి కెనడా చేరిన కొందరు, భారత ప్రభుత్వం తమకు క్షమాపణ చెప్పాలని అక్కడి నుంచే అడుగుతున్నారు.

మొదట్లో వీళ్లది వంట వృత్తి కాదు. టాంగ్రాలో స్థిరపడినవాళ్లు హక్కా అనే చైనా తెగవాళ్లు, వాళ్లవి టానరీలు, అంటే తోళ్లు శుద్ధిచేసే కార్ఖానాలు. తోలుపని ముట్టడానికి ఇక్కడి పెద్ద కులాలు ఇష్టపడకపోవడంతో వీళ్లకు ఆ చోటు దొరికింది. 1996 డిసెంబరులో కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: టానరీలు నగరం బయట బాన్‌తలాకు పోవాలి. వెళ్లగలిగినవాళ్లు వెళ్లారు, లేనివాళ్లు మూసేశారు. తోళ్లు ఆరబెట్టిన షెడ్లు కొన్ని హోటళ్లయ్యాయి. ఎత్తైన ప్రహరీలు, ఇనుప గేట్లు, గేటు పక్క ఎర్రరంగు చైనా అక్షరాలు నేటికీ కనిపిస్తాయి. దేశం వదలని తోబుట్టువులకు అదే చివరి జీవనాధారం.

2020 జూన్‌లో గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణ తర్వాత కేంద్రమంత్రి రాందాస్ అఠావలే చైనీస్ వంటకాలు అమ్మే హోటళ్లు మూసేయాలన్నారు. టాంగ్రావాసులు భారత సైన్యానికి మద్దతుగా బ్యానర్లు పట్టుకుని వీధిలోకి రావాల్సి వచ్చింది. తరతరాలుగా ఇక్కడున్నవాళ్లకు తామెవరి పక్షమో రాసి చూపించాల్సిన అవసరం రావడం నన్ను చాలా బాధపెట్టింది.

వెళ్లిపోయినవాళ్లు టొరంటో చుట్టుపక్కల ‘హక్కా’ హోటళ్లు తెరిచారు. చిల్లీ చికెన్, మంచూరియన్ కోసం అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది మన దేశం నుంచి, చుట్టుపక్కల దేశాల నుంచి వెళ్లినవాళ్లే.

చైనా కొత్త సంవత్సరానికి వాళ్లలో కొందరు కలకత్తా వస్తారు. బజ్‌బజ్ దగ్గర అచీపూర్‌లో, హుగ్లీ ఒడ్డున, గుర్రపు నాడా ఆకారంలో ఒక ఎర్రటి సమాధి ఉంది. వారన్ హేస్టింగ్స్ కాలంలో ఇక్కడికొచ్చి చక్కెర మిల్లు పెట్టిన టాంగ్ అచ్యూది. టొరంటో అన్నలూ టాంగ్రా తమ్ముళ్లూ కలిసి అక్కడ అగరొత్తులు వెలిగిస్తారు.