పిల్లలు పెద్దయ్యాక రాద్దామనుకుంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

కథారచన వర్క్‌షాపుకి ఎప్పుడు వెళ్ళినా, అందరూ లేచాక ఒకరిద్దరు వెనక ఆగుతారు. చిన్నపిల్లల తల్లులే ఎక్కువ, ఈమధ్య తండ్రులూ ఉంటున్నారు. "మావాడు ఒక్కచోట ఉండడండీ. గోడ దూకుతాడు, చెట్టెక్కుతాడు. ఇంక నవల నా వల్ల అవుతుందా?" అని అడుగుతారు. అడిగేవాళ్ళని చూస్తే మనసు కష్టంగా ఉంటుంది. వాళ్ళని అలా భయపెట్టిన మాటల మీదే నా కోపమంతా.

అపోహ: నవల రాయాలంటే గంటలకొద్దీ ఏకాంతం కావాలి. పిల్లలు పెద్దయ్యేదాకా ఆగాల్సిందే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువమందిని ముంచుతున్న మాట ఇది. లెక్క వేసి చూడండి. రోజుకి 250 మాటలు, వారానికి 5 రోజులు. జ్వరాలకీ సెలవులకీ ఏడాదిలో 12 వారాలు వదిలేసినా, మిగిలిన 40 వారాల్లో 50,000 మాటలవుతాయి. ఓ చిన్న నవల మొదటి డ్రాఫ్ట్‌కి అది చాలు. అమెరికన్ రచయిత్రి టోనీ మారిసన్ ఇద్దరు కొడుకుల్ని ఒంటరిగా పెంచుతూ, ఎడిటర్‌గా ఉద్యోగం చేస్తూనే మొదటి నవల పూర్తిచేశారు. అది 1970లో వచ్చేనాటికి ఆమెకి 39 ఏళ్ళు. తెల్లవారకముందే లేచి రాసే అలవాటు పిల్లల వల్లే మొదలైందని ఆమే చెప్పారు. 2013లో నోబెల్ అందుకున్న కెనడా కథారచయిత్రి ఆలిస్ మన్రో పిల్లలు నిద్రపోయే వేళల్లో కథలు రాశారు. ఇంగ్లీషు నవలాకారుడు జె.జి. బలార్డ్ 1964లో భార్య పోయాక ముగ్గురు పిల్లల్ని ఒక్కడే పెంచుతూ రాస్తూ వచ్చారు. వీళ్ళెవరూ పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా ఆగలేదు.

టైము చాలకపోవడం నిజమే, కాదనను. కానీ అంతకంటే పెద్ద కష్టం, మధ్యలో లేచి వెళ్ళాక మళ్ళీ కథలోకి రావడం. దొరికిన అరగంటలో ఇరవై నిమిషాలు నిన్నటిది చదువుకోవడానికే పోతే ఎవరికైనా నీరసం వస్తుంది. దీనికి నేను ఏళ్ళుగా పాటించే పద్ధతి ఒకటుంది. సీను అయిపోయిన చోట లేవను. తర్వాత ఏం జరగాలో తెలిసినచోట ఆపి, ఆ జరగబోయేది ఒక్క వాక్యంలో రాసి లేస్తాను. మా చిన్నది గేటెక్కి దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు నేను ఒక కోర్టు సీను మధ్యలో ఉన్నాను. ఆస్పత్రి, కట్టు, రాత్రిళ్ళు దాని ఏడుపు. ఆ రోజుల్లో కథ నా తలలో ఎక్కడా లేదు. మళ్ళీ నోట్‌బుక్ తీసేసరికి కింద ఒక వాక్యం ఉంది: "సాక్షి అబద్ధం చెప్పదు, పేరు మాత్రం మింగేస్తుంది." వెనక్కి వెళ్ళి చదవకుండానే సీను మొదలైంది. ఆ చెయ్యి కట్టులో ఉన్నప్పుడు కూడా అది మంచం మీంచి దూకబోయేది, అది వేరే సంగతి.

ఇంకోటి. అధ్యాయాల లెక్కన ప్లాన్ చెయ్యకండి, సీన్ల లెక్కన చేసుకోండి. ఇద్దరు మనుషులు, ఒక చోటు, ఇద్దరికీ కావాల్సింది వేరువేరు. అంతమాత్రం తెలిస్తే అరగంటలో రాయడానికి కూర్చోవచ్చు.

అపోహ: పిల్లలు ఆడుకుంటుంటే పక్కనే కూర్చుని రాసుకోవచ్చు.

వాస్తవం: రంగులు వేసుకునే పిల్లలైతే కొంతవరకు కుదురుతుంది. నీళ్ళ దగ్గరా ఎత్తుల మీదా తిరిగే పిల్లలతో కుదరదు, ఇందులో మొహమాటం లేదు. కథలో మునిగినవాళ్ళకి పక్కన పిలిచినా వినపడదు. పైగా నీళ్ళలో మునిగే పిల్లలు చాలాసార్లు అరవరు, కొట్టుకోరు, చప్పుడు లేకుండా మునిగిపోతారు. పసివాళ్ళకైతే కొన్ని అంగుళాల నీళ్ళు చాలు. అక్కడ ఉన్నంతసేపూ కాపలా తప్ప ఇంకో పని పెట్టుకోవద్దు. బుర్రలో డైలాగు మెదిలితే ఫోన్‌లో రెండు ముక్కలు రికార్డ్ చేసుకోండి, కళ్ళు మాత్రం బిడ్డ మీదే ఉండాలి. కొత్తగా రాయడం వాళ్ళు నిద్రలో ఉన్నప్పుడో, ఇంకెవరైనా పెద్దవాళ్ళు వాళ్ళని చూస్తున్నప్పుడో పెట్టుకోండి. ప్రూఫులు, టైపింగ్, ఉత్తరాలు గదిలో వాళ్ళు ఆడుకునేటప్పుడు చూసుకోవచ్చు.

అపోహ: దూకుడు పిల్లల్ని అణిస్తేనో, ఫోన్ చేతికిస్తేనో మనకి టైము దొరుకుతుంది.

వాస్తవం: ఎక్కడం, పరిగెత్తడం, కుస్తీలు, కనపడకుండా పోవడం పిల్లల ఎదుగుదలలో భాగం. నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సేటర్ 2007లోనే ఇలాంటి సాహసపు ఆటల్ని ఆరు రకాలుగా విడదీశారు. స్క్రీన్ సంగతికొస్తే, రెండు నుంచి నాలుగేళ్ళవాళ్ళకి రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఒళ్ళు అలిసేదాకా బయట ఆడిన బిడ్డ రాత్రి త్వరగా పడుకుంటుంది. మా ఇంట్లో నా రాత గంట అలాగే దొరికింది.

అపోహ: పిల్లలున్నవాళ్ళు పిల్లల కథలే రాయాలి.

వాస్తవం: ఎవరన్నారో తెలీదు. మీకు హత్య కథ వస్తే హత్య కథే రాయండి.

అపోహ: పిల్లలున్నారని తెలిస్తే ఎడిటర్లు పని ఇవ్వరు.

వాస్తవం: వాళ్ళకి కావాల్సింది, రాసింది ఎప్పటికి ఇస్తారన్న తేదీ. ముందు ఓ నెలపాటు మీరు నిజంగా ఎన్ని మాటలు రాస్తున్నారో చూసుకోండి. ఆ వేగంతో ఎన్ని నెలలు పడుతుందో లెక్కేసి, మూడో వంతు కలిపి అప్పుడు తేదీ చెప్పండి. దాటేలా ఉంటే గడువు రోజున కాదు, నెల ముందే చెప్పండి. అలా చెప్పినవాళ్ళకి ఇంకో రెండు నెలలు దొరకడం నేను చాలాసార్లు చూశాను.