టిబిరీన్ మఠం: సన్యాసులు లేరు, తోట ఉంది

అల్జీరియాలో మెదెయా పట్నం దగ్గర, అట్లాస్ కొండల్లో ఉంది టిబిరీన్. బెర్బెర్ భాషలో ఆ పేరుకు తోటలు అని అర్థం. అక్కడి కతోలిక మఠాన్ని 2016 నుంచి షెమాఁ నఫ్ అనే కతోలిక సంఘం చూసుకుంటోంది. అసలది ట్రాపిస్టు సన్యాసుల మఠం. ట్రాపిస్టులంటే మౌనం, ప్రార్థన, కాయకష్టంతో బతికే కతోలిక సన్యాసులు. వాళ్లు 1938లో వచ్చారు.

1962లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఫ్రెంచివాళ్లు చాలామంది వెళ్లిపోయారు. కొద్దిమంది సన్యాసులు మాత్రం ఉండిపోయారు. తర్వాత పొలంలో ఎక్కువ భాగం ప్రభుత్వానికి వదిలేసి, మిగిలిన తోటను ఊరి రైతులతో కలిసి సాగు చేశారు. నమాజుకు చోటు లేదంటే మఠంలోనే ఒక గది ఇచ్చారు. డాక్టరైన బ్రదర్ లూక్ 1946 నుంచి వచ్చినవాళ్లందరికీ ఉచితంగా వైద్యం చేశాడు. నా దృష్టిలో ఈ కథకు మూలం ఆ వైద్యశాలే.

అప్పటికి దేశంలో ప్రభుత్వానికీ ఇస్లామిస్టు సాయుధులకూ అంతర్యుద్ధం నడుస్తోంది. 1993 డిసెంబరులో దగ్గర్లోనే 12 మంది క్రొయేషియా కార్మికుల గొంతులు కోశారు. పది రోజులకు, క్రిస్మస్ ముందురాత్రి, సాయుధులు మఠానికే వచ్చారు. డాక్టరును తమతో పంపమన్నారు. మఠాధిపతి క్రిస్టియాన్ ద షెర్జే ఒప్పుకోలేదు. జబ్బుపడినవాళ్లను ఇక్కడికే తెస్తే ఎవరికైనా వైద్యం చేస్తామన్నాడు. వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత సన్యాసులు రోజుల తరబడి మాట్లాడుకుని, ఊరిని వదలకూడదని తీర్మానించుకున్నారు. భయం లేక కాదు. పొరుగువాళ్లకు వెళ్లే దారి లేనప్పుడు తాము మాత్రం ఎలా వెళ్తామని.

1996 మార్చి 26 అర్ధరాత్రి దాటాక సాయుధులు ఏడుగురు సన్యాసులను ఎత్తుకెళ్లారు. గేటు దగ్గర గదిలో ఉన్న బ్రదర్ జాఁ-పియేర్ అలికిడి విని, మందుల కోసం వచ్చారనుకున్నాడు. ఆయనా, బ్రదర్ అమెదే మిగిలారు. మే 30న ఏడుగురి తలలు దొరికాయి. మొండేలు దొరకలేదు. పేటికల్లో తలలే పెట్టి మఠం ఆవరణలో సమాధి చేశారు. చంపింది తామేనని జీఐఏ అనే ఇస్లామిస్టు సాయుధ ముఠా చెప్పుకుంది. అయినా అనుమానాలు తీరలేదు, ఫ్రాన్సులో న్యాయవిచారణ 2004లో మొదలైంది.

ట్రాపిస్టులు తిరిగి రావాలని చేసిన ప్రయత్నం ఫలించలేదు. 2001 నుంచి ఫాదర్ జాఁ-మరీ లసోస్ ఊరివాళ్లతో కలిసి పొలం దున్ని, ఆ తోటను బతికించాడు. 2018 డిసెంబరు 8న ఒరాన్‌లో ఆ ఏడుగురితో సహా 19 మంది వేదసాక్షులను, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్లను, కతోలిక చర్చి ధన్యులుగా ప్రకటించింది. పునీతులయ్యే దారిలో అది ఒక మెట్టు.

ఆ రాత్రి మిగిలిన ఇద్దరు సన్యాసులు మొరాకోలో ఉన్న తమ మఠం శాఖకు చేరారు. ఆ శాఖ 2000లో మిదెల్త్‌కు మారింది. జాఁ-పియేర్ 2021లో అక్కడే కన్నుమూశాడు. అట్లాస్ మాత మఠం అన్న టిబిరీన్ మఠం పాత పేరు ఇప్పుడు మిదెల్త్‌లోని ఆ ఇంటిదే.