చాప ఎత్తితే దక్షిణం, దించితే ఉత్తరం

ప్రాచీన ఈజిప్టువాళ్ల బొమ్మల లిపిలో 'దక్షిణానికి వెళ్లడం' అనే మాట పక్కన తెరచాప ఎత్తిన పడవ కనిపిస్తుంది. 'ఉత్తరానికి వెళ్లడం' పక్కన చాప లేని పడవ. ఆ రెండు చిన్న బొమ్మల్లో ఈజిప్టు భూగోళం సగం ఉంది. నైలు నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. గాలేమో ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది. దిగువకు పోవాలంటే పడవను నీటివాలుకు వదలాలి, తిరిగి ఎగువకు రావాలంటే చాప ఎత్తాలి. రానూ పోనూ దారి ఒక్క నదే.

ఇంత సులువైన దారి ఉండబట్టే దేశమంతా ఒకే రాజు కిందికి రావడం, క్రీ.పూ. 3100 ప్రాంతంలోనే, సాధ్యమైంది. గీజాలోని పెద్ద పిరమిడ్ లోపల రాజుగారి గదికి పైకప్పుగా వేసిన గ్రానైటు దూలాలు ఒక్కోటి పదుల టన్నుల బరువు. అవి 800 కిలోమీటర్లకు పైగా ఎగువన ఉన్న అస్వాన్ నుంచి నది మీదే వచ్చాయి.

ఈజిప్టు భాషలో ఉత్తరానికి వెళ్లడానికీ దిగువకు వెళ్లడానికీ ఒకటే మాట. క్రీ.పూ. 1500 ప్రాంతంలో మొదటి తుత్మోస్ రాజు సైన్యంతో, ఇప్పటి సిరియా, ఇరాక్‌ల మీదుగా పారే యూఫ్రటీస్ నది దాకా వెళ్లాడు. ఆ నది దక్షిణానికి పారుతోంది! దాన్ని చెప్పడానికి వాళ్ల భాషలో మాట చాల్లేదు. 'ఎగువకు పోతూ దిగువకు పారే తిరగబడ్డ నీరు' అన్న అర్థం వచ్చేలా శాసనంలో రాయించాడు. ఒక నది మనుషుల బుర్రలో దిక్కుల్ని ఎంత గట్టిగా నాటుతుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇక వరద సంగతి. ఈజిప్టులో వాన దాదాపు లేదు. నీళ్లూ ఒండ్రూ వచ్చేది ఎక్కువగా ఇథియోపియా కొండల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానల వల్ల. 1960లలో అస్వాన్ దగ్గర పెద్ద ఆనకట్ట కట్టేదాకా ఆగస్టు, సెప్టెంబరుల్లో పొలాలు మునిగేవి, అక్టోబరు నాటికి నీరు తీసేది, విత్తేవారు, ఎండలు ముదరకముందే గోధుమ, బార్లీ ఇంటికొచ్చేవి. మన గోదావరి లంకల్లో వరద తీశాక ఒండ్రు మీద పంట వేసేవాళ్లకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల రైతులకు ఆ అదృష్టం లేదు. అక్కడ కొండల మీది మంచు కరిగి వసంతంలో, సరిగ్గా పైరు చేతికొచ్చే వేళకు వరద వచ్చేది. పైగా కాలువల నీరు పొలంలోనే ఇంకి ఆరిపోయి ఉప్పు పేరుకునేది. నైలు రైతులు గట్లు కట్టి నీటిని నెలా నెలన్నర నిలిపి, తర్వాత నదిలోకే వదిలేసేవారు. నీటితో పాటు ఉప్పూ పోయేది. వేల ఏళ్లు సాగుచేసినా ఆ నేల చవుడు బారకపోవడానికి అదే ముఖ్య కారణం.

అయితే నైలు వరద ఏటా ఒకేలా వచ్చేది కాదు. అందుకే అస్వాన్ దగ్గరి ఎలిఫెంటైన్ దీవిలో నదిలోకి దిగే మెట్ల పక్క గోడ మీద మూరల లెక్కన గీతలు చెక్కారు. నీరు ఎన్నో గీత దాకా వచ్చిందో చూస్తే ఆ ఏటి పంట తెలిసేది, పన్ను ఎంత వేయాలో కూడా తెలిసేది. రోమన్ల కాలంలో చెప్పిన లెక్క ప్రకారం 12 మూరలైతే కరువు, 14 అయితే ఉల్లాసం, 16 అయితే సంబరం. అంతకు మించితే గట్లు తెగి ఊళ్లు మునిగేవి.

ఆ గీతల్ని నిర్ణయించే వాన ఈజిప్టుది కాదు. పసిఫిక్ సముద్రపు నీరు మామూలుకన్నా వేడెక్కే ఎల్ నినో బలంగా వచ్చిన ఏడు ఇథియోపియా కొండల్లో వానలు తగ్గుతాయి, చాలాసార్లు మన నైరుతి రుతుపవనాలూ మొహం చాటేస్తాయి. 1877లో నైలు వరద దారుణంగా పడిపోయి ఎగువ ఈజిప్టులో పొలాలు తడవలేదు. అంతకు ముందు ఏడే మొదలై అప్పటికి మన రాయలసీమను పీల్చి పిప్పి చేస్తున్నది ధాత కరువు.