వరల్డ్ మ్యూజిక్ లేబుల్: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో చిన్న రికార్డు లేబుల్, అంటే పాటలు రికార్డు చేసి అమ్మే సంస్థ నడుపుతున్నానంటే చాలు, "దేవుడి పాటలా?" అంటారు. అవీ చేస్తాం. కానీ ఎక్కువగా చిత్తూరు పల్లెల్లో పంబ అనే తోలు వాయిద్యం, మహాభారతం ఆడే భారతం మిట్టల దగ్గర హరికథలు. వాటిని 'వరల్డ్ మ్యూజిక్' పేరుతో అమ్ముతాం.

అపోహ: వరల్డ్ మ్యూజిక్ ఒక రకం సంగీతం.

వాస్తవం: అది అంగట్లో ఒక షెల్ఫుకు పెట్టిన పేరు. 1987 జూన్‌లో లండన్‌లోని ఎంప్రెస్ ఆఫ్ రష్యా అనే పబ్బులో చిన్న లేబుళ్లవాళ్లు కలిశారు. ఆఫ్రికా పాటల్నీ బల్గేరియా పాటల్నీ ఎక్కడ పెట్టాలో షాపులవాళ్లకు తెలియట్లేదు, కనబడని సరుకు ఎవరూ కొనరు. అందుకని అందరూ ఒకే పేరు వాడదామనుకున్నారు, తలా కొంత వేసుకుని ప్రచారం చేశారు. మన హరికథకూ, ఆఫ్రికాలోని మాలి దేశపు కోరా అనే తంత్రీ వాయిద్యానికీ ఏం చుట్టరికం? నాకా పేరు నచ్చదు. అయినా కవరు మీద అదే వేస్తాను, కొనేవాళ్లు అలాగే వెతుకుతారు మరి.

అపోహ: పెద్ద హిట్లన్నీ ప్లాన్ ప్రకారం వస్తాయి.

వాస్తవం: 1996లో లండన్ లేబుల్ వరల్డ్ సర్క్యూట్ మాలి, క్యూబా కళాకారులను కలిపి హవానాలో రికార్డు చేయాలనుకుంది. మాలివాళ్లు రాలేకపోయారు. క్యూబా పెద్దలతోనే పని కానిచ్చారు. అదే లక్షల్లో అమ్ముడైన 'బ్యూనా విస్టా సోషల్ క్లబ్'.

అపోహ: అన్నమయ్య కీర్తనలు 500 ఏళ్ల నాటివి, ఎవరినీ అడగక్కర్లేదు.

వాస్తవం: సాహిత్యం వరకు నిజమే. రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది గానీ స్వరం ఉండదు. ఇప్పుడు వినే బాణీలు చాలావరకు రాళ్లపల్లి, నేదునూరి వంటి 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. బాణీ హక్కు సాధారణంగా కట్టినవారు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగు హక్కు వేరు, విడుదలయ్యాక 60 ఏళ్లు. నేనిక్కడే దెబ్బతిన్నాను. ఆల్బమ్ మిక్సింగ్ కూడా అయ్యాక, ఈ బాణీలు ఎవరివమ్మా అంటే, "చిన్నప్పుడు నేర్చుకున్నా సార్, టీచర్ చెప్పలేదు" అంది గాయని. మూడు పాటలు పక్కన పెట్టేశాం. ఇప్పుడు ఆ ప్రశ్న అడిగాకే మైకు ఆన్ చేస్తాను.

అపోహ: పల్లె కళాకారులకు ఒకసారి డబ్బిస్తే సరిపోతుంది.

వాస్తవం: కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత వ్యాపారానికి వాడుకుంటే ప్రదర్శించినవాళ్లకూ రాయల్టీ ఇవ్వాలి. పంబ వాయించే పెద్దాయనకు ఒప్పందం చదివి వినిపిస్తే, "రాయల్టీ అంటే ఏంది సామీ?" అన్నాడు. అమ్మినప్పుడల్లా నీ వాటా అన్నాను. ఏటా లెక్క చూపిస్తున్నాను. పోయినేడు వాటా పంబకు కొత్త తోలు వేయించడానికి కూడా చాల్లేదు.