బ్యాటరీకి బల్బు కాపలా

విజయనగరం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు తయారుచేసిన, స్పీకరుకు శబ్దం పెంచి ఇచ్చే యాంప్లిఫయర్ బోర్డును కారు బ్యాటరీతో పరీక్షిస్తామంటున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. నా చేత వద్దనిపించాలని ఆమె ఆలోచన. నేను వద్దనను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మీ పలాస దగ్గరే తీరం దాటి, స్తంభాలన్నీ కూలినప్పుడు మీ ఇంట్లో ఫోన్లు మోగింది కారు బ్యాటరీ పుణ్యాన్నే కదా! పైగా స్పీకరులో గుయ్యిమనే హోరు రాకుండా బోర్డును వినాలంటే దాన్ని మించిన డీసీ, అంటే ఒకే దిశలో నిలకడగా పారే కరెంటు, లేదు.

12 వోల్టులు షాకు కొట్టవని మీ ధీమా. నిజమే, పొడి చేతులతో రెండు టెర్మినళ్లూ పట్టుకున్నా ఏమీ కాదు. భయమంతా ఆంపియర్లతోనే, అంటే ఎంత కరెంటు పారుతుందన్న దానితోనే. మంచి కారు బ్యాటరీ లోపలి నిరోధం ఓమ్‌లో నూరో వంతు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఓమ్ సూత్రం చదువుకున్నారుగా, వోల్టులను నిరోధంతో భాగించి లెక్క కట్టండి. రెండు టెర్మినళ్ల మీద స్పానర్ అడ్డంగా పడితే వందల ఆంపియర్లు పారతాయి. స్పానర్ అక్కడే అతుక్కుని ఎర్రగా కాలుతుంది. వేలికి ఉంగరం ఉండి అదే మధ్యలో ఇరుక్కుంటే వేలి సంగతి నేను రాయక్కర్లేదు. ఉంగరాలు, గాజులు, లోహపు గొలుసు గడియారం తీసి పక్కన పెట్టాకే బ్యాటరీ దగ్గరకు వెళ్లండి.

లాబొరేటరీలో వాడే పవర్ సప్లయిలో కరెంటుకు హద్దు పెట్టే మీట ఉంటుంది. బ్యాటరీకి అది లేదు, మనమే తగిలించాలి. ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు లోపలే ఫ్యూజు ఉండాలి. ఎందుకంత దగ్గరగా? ఫ్యూజుకు, బ్యాటరీకి మధ్య ఉన్న వైరుకు కాపలా ఎవరూ ఉండరు కాబట్టి. కార్లలో వాడే లేత గోధుమరంగు 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఎర్రది 10 ఆంపియర్లది, మీ పనికి ఎక్కువ.

ఫ్యూజు వైరును కాపాడుతుంది గానీ, అది తెగేలోపే మీ బోర్డులోని ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు. అందుకని మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ప్లస్ వైరులోనే, ఫ్యూజు తర్వాత, కారు ఇండికేటర్ బల్బును సిరీస్‌లో, అంటే కరెంటంతా దాని గుండానే బోర్డుకు వెళ్లేలా, పెట్టండి. 12 వోల్టులు, 21 వాట్లది. చల్లగా ఉన్నప్పుడు దాని ఫిలమెంటు నిరోధం ఒక ఓమ్ కూడా ఉండదు, కాబట్టి బోర్డు బాగుంటే కరెంటు దాదాపు అడ్డులేకుండా వెళుతుంది; బల్బు వెలగదు, వెలిగినా మిణుకుమిణుకుమంటుంది. బోర్డులో ఎక్కడైనా షార్ట్ ఉంటే, అంటే కరెంటుకు అడ్డదారి దొరికితే, బల్బు భగ్గున వెలిగి, వేడెక్కి, నిరోధం ఏడు ఓమ్‌ల దాకా పెరుగుతుంది. రెండు ఆంపియర్లయినా దాటనివ్వదు. ఈ చిన్న బల్బు మీద నాకున్న గౌరవం చాలా మీటర్ల మీద లేదు. అయితే ఎల్ఈడీ బల్బు మాత్రం పెట్టకండి, అది ఈ పని చేయదు.

బల్బు వెలగకుండా ఉంటే దాన్ని తీసేసి, ఫ్యూజుతోనే నడపండి. ప్లస్, మైనస్ తారుమారు కాలేదని ముందే మల్టీమీటరుతో చూసుకోవాలి.

ఇక చోటు. జీడిపిక్కల బస్తాలున్న గదిలో మాత్రం వద్దు. వాటి తొక్కలో నూనె ఉంటుంది, నిప్పంటుకుంటే ఆపడం కష్టం. వరండాలో పెట్టుకోండి. చార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. గాలిలో అది నూటికి నాలుగు వంతులు చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి చార్జింగు అవుతుండగా పరీక్షలు వద్దు. స్విచ్చు మీ యాంప్లిఫయర్ వైపు, బ్యాటరీకి చేయెడు దూరంలో ఉండాలి. లోపల ఉండేది గంధకామ్లం. కళ్లజోడు పెట్టుకోండి. చర్మం మీద, కళ్లలో పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో చాలాసేపు కడగాలి, కళ్లయితే ఆపై డాక్టరు దగ్గరకు. నేల మీద ఒలికితే వంటసోడా చల్లండి.

పని అయ్యాక బ్యాటరీ నుంచి బోర్డును విడదీసి, కాసేపు ఆగి మీటరు పెట్టండి. నిండుగా ఉన్నది 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2కి దిగితే సగమే మిగిలిందని అర్థం, అక్కడ ఆపి చార్జింగుకు పంపండి. కారు బ్యాటరీ ఇంజను లేపడానికి పుట్టింది. పదే పదే అడుగంటా వాడితే పలకలు పాడైపోతాయి.

ఫ్యూజు హోల్డరు, రెండు బల్బులు పార్సిల్ చేశాను. మొదటిసారి స్విచ్చు వేసినప్పుడు బల్బు ఎంత వెలిగిందో రాయండి.

మీ తాతయ్య