మాత్ర వేగం, మనసు నిదానం

“తమ్ముడికి డిప్రెషన్ అని సైకియాట్రిస్టు మాత్రలు రాశారు. పది రోజులైంది. వికారం తప్ప గుణం కనిపించలేదు. మానిపించమంటారా?” అని ఒక పాఠకురాలు అడిగారు.

మీ అంతట మీరు మానిపించకండి. వికారం ముందొచ్చి గుణం వెనకెందుకొస్తుందో తెలిస్తే, ఈ పది రోజులూ వృథా కాలేదని మీకే అర్థమవుతుంది.

డిప్రెషన్‌కు ఎక్కువగా రాసేవి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు. 1987లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూఆక్సెటిన్ ఈ కోవలోదే. నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. నాడీకణం తాను వదిలిన సెరటోనిన్‌ను మళ్లీ తనలోకి లాక్కుంటుంది. మందు ఆ దారిని మూసేస్తుంది. ఇదంతా గంటల్లోనే జరుగుతుంది. మరి మనసెందుకు తేలికపడదు?

నీళ్ల ట్యాంకులో తేలే బంతిని చూసే ఉంటారు. మట్టం పెరిగితే బంతి లేస్తుంది, నీళ్లు రావడం ఆగుతుంది. మెదడు కాండంలోని సెరటోనిన్ కణాల మీద అచ్చంగా అలాంటి బంతులే ఉన్నాయి. వాటి పేరు 5-హెచ్‌టీ1ఏ గ్రాహకాలు. మందు వల్ల చుట్టూ సెరటోనిన్ పెరగగానే అవి పసిగట్టి కణం జోరు తగ్గిస్తాయి. అంటే మందు ఒకవైపు నింపుతుంటే బంతి మరోవైపు కట్టేస్తోంది! రెండు మూడు వారాలు మట్టం అలాగే నిలిస్తే బంతి కీలు వదులైనట్టు ఆ గ్రాహకాలు మొద్దుబారతాయి. అప్పుడు కణం తన జోరు తిరిగి అందుకుంటుంది. ఆలస్యానికి ఇదొక్కటే కారణం కాదు, నాడీకణాల మధ్య అతుకులు మారడానికీ సమయం కావాలి. పేగులకు ఈ నిరీక్షణ లేదు. ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం అక్కడే ఉంటుంది కాబట్టి వికారం మొదటి రోజుల్లోనే వస్తుంది.

“సెరటోనిన్ తగ్గితే డిప్రెషన్, పెంచితే నయం” అని పాఠం చెప్పడం మానేయాలని నా గట్టి కోరిక. అదే నిజమైతే మొదటి మాత్రకే మనిషి లేచి కూర్చోవాలి.

సైకియాట్రిస్టు అంటే ముందు వైద్యుడు. థైరాయిడ్ మందగించినా దిగులు, నీరసం వస్తాయి కాబట్టి రక్తపరీక్ష రాస్తారు. “ఎప్పుడైనా నిద్రే అక్కర్లేకుండా రోజుల తరబడి విపరీతమైన హుషారుగా ఉన్నావా?” అనీ అడుగుతారు. ఆ ప్రశ్న ఎంతో విలువైనది. జవాబు అవునైతే అది బైపోలార్, అంటే దిగులూ విపరీతమైన హుషారూ మారిమారి వచ్చే జబ్బు కావచ్చు. అప్పుడు ఇవే మాత్రలు విడిగా ఇస్తే ఆ హుషారు ఉన్మాదంగా ఎగసే ప్రమాదముంది. మనసును నిలకడగా ఉంచే లిథియం వంటి మందు గురించి ఆలోచించాల్సి వస్తుంది.

దిగులు రెండు వారాలు దాటి నిద్ర, తిండి, పని దెబ్బతింటే వెళ్లాలి. ఎవరూ లేకుండా మాటలు వినిపిస్తే వారాలు లెక్కపెట్టకూడదు. చావు ఆలోచనలుంటే ఆ రోజే వెళ్లాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. పాతికేళ్లలోపు వారిలో మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో అలాంటి ఆలోచనలు పెరగవచ్చు, కాబట్టి మీ తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండండి.

వికారం సంగతి డాక్టరుకు ఇప్పుడే ఫోను చేసి చెప్పండి. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, ఆందోళన మొదలవవచ్చు. చాలామందిలో మనసుకంటే ముందు నిద్ర, ఆకలి సర్దుకుంటాయి, అదీ పక్కనున్నవాళ్లకే ముందు కనిపిస్తుంది. తమ్ముడు ఏ రాత్రి ఎన్ని గంటలకు మేలుకుని కూర్చుంటున్నాడో ఒక కాగితం మీద రాసిపెట్టి, వచ్చేసారి డాక్టరుకు చూపించండి.