కుంచానికి 64 గిద్దలు

నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లకు నోటికొచ్చే లెక్క ఇది. మొత్తం కుంచానికి 64 గిద్దలు. చదరంగం బల్ల మీద గడులూ అన్నే.

మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు... ఈ కథ అందరికీ తెలిసిందే. చివరికి తేలే గింజలు 18446744073709551615. అంటే లక్షా ఎనభై నాలుగు వేల కోటి కోట్ల పైమాటే. గ్రాముకు 50 వడ్లగింజలు తూగుతాయనుకుంటే 22వ గడి నిండేసరికి 75 కిలోల బస్తా దాటుతుంది. 32 గడులకు, అంటే సగం బల్లకు, 4294967295 గింజలు. అవి 1145 బస్తాలు. ఎకరానికి 40 బస్తాల చొప్పున 29 ఎకరాల పంట. ఇంతవరకూ ఊళ్లో ఒక మోతుబరి రైతు తూకం వేయించగల ధాన్యమే. బల్ల మొత్తానికి మాత్రం, డెల్టాలోని పది లక్షల ఎకరాల్లో సార్వా, దాళ్వా రెండూ అదే దిగుబడితో పండినా 60 వేల ఏళ్లు చాలవు.

గుట్ట ఎంత పెద్దదన్న ముచ్చట ఇక్కడితో చాలు. నాకు దాని లోపలి కట్టుబడి మీదే మోజు. ఈ సంఖ్య 2ను 64 సార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది. వర్గంలోంచి ఒకటి తీస్తే రెండు ముక్కలవుతుందని హైస్కూల్లో చదివాం కదా, ఆ సూత్రమే పెడితే ఇది 4294967295 × 4294967297. మొదటి ముక్క సగం బల్ల లెక్కే! దాన్నీ అలాగే చీల్చుకుంటూ పోతే 3, 5, 17, 257, 65537 మిగులుతాయి. అన్నీ ప్రధానసంఖ్యలే.

రెండో ముక్క, 4294967297, కూడా ప్రధానసంఖ్యేనని 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. వరసలో ముందున్న అయిదూ అలా ఉంటే ఎవరైనా నమ్ముతారు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ దాన్ని విరగ్గొట్టాడు: 641 × 6700417.

641 ఎలా దొరికింది? గుడ్డిగా వెతికితే అంతకు ముందు వందకు పైగా ప్రధానసంఖ్యలతో భాగించి చూడాలి. ఆయిలరే తరువాత నిరూపించిన నియమం ప్రకారం, ఈ సంఖ్యను భాగించే ప్రధానసంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే ఒకటి మిగలాలి. గిద్దల్లో చెప్పాలంటే, నిండు కుంచాలు కొలిచాక ఒక్క గిద్ద మిగలాలి. అలాంటి ప్రధానసంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదోదే కావలసింది. 1878లో ల్యూకా అనే ఫ్రెంచి గణితవేత్త దీన్ని ఇంకా బిగించి, 64 కాదు, 128తో భాగించినా ఒకటే మిగలాలని చూపాడు. ఆ లెక్కన 193, 449, 577 పక్కకు పోతాయి. 257 భాగించదు. దాని తరువాతిదే 641.